వేరాజ్ పేరాలు దాటేసి సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మేము ఖమ్మంలో ఉంటాం. హైదరాబాద్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొందామని మాట్లాడుకున్నాం. అమ్మేవాళ్లు అగ్రిమెంట్ ఆఫ్ సేల్ డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపారు. మొత్తం ఇంగ్లీషే. మొదటి రెండు పేజీల్లో ప్రతి పేరా 'వేరాజ్' (whereas) అనో 'అండ్ వేరాజ్' అనో మొదలవుతోంది. ఫోన్లో తెలుగులోకి మారిస్తే ప్రతిచోటా 'అయితే', 'అయితే' అని వస్తోంది, తలా తోకా తెలియడం లేదు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి గ్రామర్ పుస్తకంలో వేరాజ్ అంటే రెండు విషయాల మధ్య తేడా చూపించే కంజంక్షన్ అని ఉందట. ఇందులో తేడా ఎక్కడుందో వాడికీ అంతుపట్టలేదు. డాక్యుమెంట్ రైటర్‌ని అడిగితే, 'అది ఫార్మాట్ మేడమ్, అన్నిట్లో ఉంటుంది. అసలు విషయం మూడో పేజీ నుంచి' అన్నారు. నిజంగా వదిలేయొచ్చా? ఇంకో చిన్న సందేహం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో అడ్మిన్ పని చూస్తాను. తల్లిదండ్రులకు పంపే మెయిల్స్‌లో ఈ మాట వాడితే బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వదిలేయకండి. మూడో పేజీ నుంచి ఉండేవి షరతులు. ఎంత డబ్బు, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఎవరు ఆలస్యం చేస్తే ఏమవుతుంది, ఇవన్నీ. ఆ షరతులు పెట్టే హక్కు అమ్మేవాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మొదటి రెండు పేజీల్లో ఉంటుంది. ఆ ఫ్లాటు ఎవరి నుంచి ఎవరికి, ఏ కాగితం మీద చేతులు మారిందో చెప్పేవి వేరాజ్ పేరాలే. డాక్యుమెంట్ రైటర్ గారి మాటలో సగం నిజముంది. ఫార్మాట్ అన్నిట్లో ఒకటే. అందులో నింపిన పేర్లు, నంబర్లు, తేదీలు మాత్రం మీరు కొనబోయే ఫ్లాటువి.

ముందు మీ అబ్బాయి సంగతి తేల్చేద్దాం. వాడి పుస్తకం తప్పు చెప్పలేదు, సగమే చెప్పింది. ఈ మాటకు రెండు అర్థాలున్నాయి, రెండూ వందల ఏళ్ల నాటివే. ఒకటి తేడా చూపించడం. అన్నకు కాఫీ ఇష్టం, తమ్ముడికేమో టీ. ఆ 'ఏమో' చేసే పనే ఇక్కడ వేరాజ్ చేస్తుంది. రెండోది 'ఇలా ఉన్నందున', 'సంగతి ఇది కనుక' అని చెప్పడం. ఈ రెండో అర్థం మామూలు మాటల్లో ఎప్పుడో పోయింది. దస్తావేజుల్లో, చట్టాల్లో, మెమోల్లో, తీర్మానాల్లో మాత్రమే బతికుంది. అందుకే బడి పుస్తకాలు దాని జోలికి పోవు. మీ ఫోన్ కూడా మొదటి అర్థాన్నే పట్టుకుంది. దాంతో 'అయితే, అమ్మేవారు ఈ ఫ్లాటుకు సంపూర్ణ యజమాని' అని వచ్చి, ఎవరో కాదన్నారు కాబోలు, వీళ్లు వాదిస్తున్నారు అన్నట్టు తయారైంది.

మనవాళ్లను ఈ మాట తికమక పెట్టడానికి ఇంకో కారణం ఉంది. తెలుగులో కారణం చెప్పే ముక్క వాక్యం చివర వస్తుంది. 'ఆయన అమ్మడానికి ఒప్పుకున్నందున' అంటాం. సంగతంతా విన్నాక, ఓహో, ఇది కారణమన్నమాట అని తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ ముక్క మొదట్లోనే వచ్చి కూర్చుంటుంది. తర్వాత వచ్చే సంగతి ఆరు లైన్లు ఉందనుకోండి, ఆరో లైనుకు చేరేసరికి మొదట్లో ఏం చదివామో గుర్తుండదు. చిన్న చిట్కా చెబుతాను. పెన్సిల్ తీసుకుని ప్రతి పేరాలో మొదటి వేరాజ్‌ను కొట్టేయండి. పేరా చివర 'అందుచేత' అని రాసుకోండి. మళ్లీ చదవండి, తేటగా ఉంటుంది.

మన పాత క్రయ దస్తావేజులు చూసిన అలవాటుంటే ఇదంతా కొత్తేమీ కాదు. 'ఫలానా వారికి ఫలానా వారు వ్రాసి ఇచ్చిన క్రయ దస్తావేజు ఏమనగా' అని మొదలవుతుంది. ఆపైన 'నాకు ఫలానా సంవత్సరంలో క్రయం మూలకంగా సంక్రమించి, నా స్వాధీనానుభవములో ఉన్న', 'నా కుటుంబ అవసరముల నిమిత్తము మీకు అమ్మజూపగా, మీరు కొనుటకు అంగీకరించినందున' అని ఊపిరి తీసుకోకుండా సాగుతుంది. ఆ సంక్రమించడాలు, అమ్మజూపడాలు, అంగీకరించినందునలు, వీటి చోటే ఇంగ్లీషు డ్రాఫ్టులో వేరాజ్ పేరాలు వస్తాయి. లాయర్లు వీటిని రిసైటల్స్ అంటారు. ఒప్పందానికి ముందు జరిగిన సంగతుల పట్టిక అనుకోండి.

ఇంకో విషయం గమనించారో లేదో. పాత పద్ధతిలో రాసిన అగ్రిమెంటు మొత్తం కలిపి ఒకే ఒక్క వాక్యం. ఇంగ్లండులో ఒకప్పుడు దస్తావేజులను కామాలూ ఫుల్‌స్టాపులూ లేకుండా ఏకధాటిగా రాసేవారు. ఎక్కడ ఏ ముక్క మొదలవుతోందో కంటికి ఆనడానికి వేరాజ్ లాంటి మాటలను పెద్ద అక్షరాలతో దిద్దేవారు. మీ డ్రాఫ్టులో ఆ మాట బోల్డులో, అన్నీ పెద్దక్షరాలతో ఉంటే, అది ఆ కాలం నుంచి వచ్చిన అలవాటే. వేరాజ్‌తో మొదలైన ప్రతి పేరా ఒక సగం వాక్యం. మిగతా సగం కోసం అది ఎదురు చూస్తూ ఉంటుంది. ఆ సగం బహుశా మీ మూడో పేజీ తలమీద 'నౌ దిస్ అగ్రిమెంట్ విట్‌నెస్సెత్' (ఇప్పుడు ఈ ఒప్పందం చెప్పేదేమనగా) అనో, 'నౌ దేర్‌ఫోర్' (కాబట్టి ఇప్పుడు) అనో మొదలై ఉంటుంది. ఆ 'నౌ' దగ్గర కథ ఆగి ఒప్పందం మొదలవుతుంది. దానికి పైనంతా జరిగిపోయింది, కిందంతా జరగాల్సింది.

ఈ ఏర్పాటు ఎంత బాగా పనిచేస్తుందో చూడాలంటే సమాచార హక్కు చట్టం, 2005 మొదటి పేజీ చూడండి. అందులో నాలుగు వేరాజ్‌లున్నాయి. రాజ్యాంగం ఈ దేశంలో ప్రజాస్వామ్య గణతంత్రాన్ని ఏర్పాటు చేసింది కనుక, అని మొదటిది. ప్రజాస్వామ్యానికి విషయాలు తెలిసిన పౌరులూ, దాపరికం లేని పాలనా కావాలి, అవినీతిని అరికట్టడానికీ ప్రభుత్వాలు ప్రజలకు జవాబుదారీగా ఉండడానికీ అవి అవసరం కనుక, అని రెండోది. మూడోది దీనికి అడ్డం తిరుగుతుంది. సమాచారం బయటపెడితే ప్రభుత్వం సజావుగా నడవడం, ఉన్న కాస్త డబ్బును సరిగ్గా వాడుకోవడం, రహస్యాలను కాపాడడం లాంటి ఇతర ప్రయోజనాలతో గొడవ వచ్చే అవకాశం ఉంది కనుక, అంటుంది. ప్రజాస్వామ్య ఆదర్శానికే పెద్దపీట వేస్తూ ఈ రెంటినీ పొసగించాలి కనుక, అని నాలుగోది. అప్పుడొస్తుంది 'నౌ దేర్‌ఫోర్'. కోరిన పౌరులకు కొంత సమాచారం ఇచ్చే ఏర్పాటు చేయడం తగినది, అని ముగుస్తుంది. 'కొంత' అని ఎందుకు అన్నారో మూడో వేరాజ్ చదివితేనే తెలుస్తుంది. ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టి, ఇది ఇవ్వం అని జవాబు తెచ్చుకున్న ప్రతివాళ్లకూ ఆ మూడో పేరాతో పరిచయం ఉన్నట్టే.

అన్ని వేరాజ్‌లూ ఇంత శ్రద్ధగా ఉండవులెండి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్, దేశానికంతటికీ ఒక శిక్షాస్మృతి ఉండడం తగినది కనుక, అని ఒక్క ముక్కలో తేల్చేసింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ మాటే లేదు. ఇప్పటి చట్టాల్లో చాలావాటికి అక్కర్లేకపోయింది. అమెరికాలో మాత్రం జోరు తగ్గలేదు. అక్కడి తెలుగు సంఘాలు ఉగాదికో బతుకమ్మకో ఊరి మేయర్ దగ్గర ప్రొక్లమేషన్ (అధికారిక ప్రకటన పత్రం) తెచ్చుకుని ఫొటోలు పెడుతుంటాయి కదా, ఆ ఫ్రేములోని కాగితాన్ని పెద్దది చేసి చూడండి. వరసగా వేరాజ్‌లు, చివర 'నౌ దేర్‌ఫోర్'. ఆ కాగితం మీద తప్పు పడితే ఎవరి కొంపా మునగదు. మీ కాగితం అలా కాదు.

కాబట్టి మీ డ్రాఫ్టుకు వద్దాం. పాత అపార్ట్‌మెంటు అన్నారు. అలాంటి ఫ్లాటు కాగితంలో వేరాజ్‌లు ఎలా సాగుతాయో దాదాపు ఊహించవచ్చు.

మొదటిది ఎప్పుడూ యజమాని గురించి. అమ్మేవారు ఈ ఫ్లాటుకు సంపూర్ణ హక్కుదారు, ఫలానా ఏడాదిలో ఫలానా నంబరు రిజిస్టర్డ్ సేల్ డీడ్ ద్వారా కొన్నారు, అది ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయింది, అని ఉంటుంది. నంబరు, ఏడాది, ఆఫీసు పేరు, ఈ మూడూ కలిస్తేనే దస్తావేజుకు చిరునామా. ఒక్క అంకె తేడా వచ్చినా అది ఇంకెవరిదో కాగితం అవుతుంది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి పక్కన పెట్టుకుని అంకెలు ఒక్కొక్కటీ కలిపి చూడండి. ఇక్కడ సేల్ డీడ్ అనే మాట లేకుండా జీపీఏ (తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ద్వారా వచ్చిందనో, అగ్రిమెంట్ ద్వారా వచ్చిందనో ఉంటే అక్కడే ఆగిపోండి. జీపీఏ మీద, అగ్రిమెంటు మీద జరిగిన అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

తర్వాత స్థలం కథ వస్తుంది. అపార్ట్‌మెంటు కట్టకముందు నేల ఎవరిది, వాళ్లు బిల్డర్‌కి ఏ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (ఆ నేలలో కట్టి అమ్మే అధికారమిచ్చే ఒప్పందం) రాసిచ్చారు, ప్లాన్‌కు అనుమతి ఎవరిచ్చారు, ఎన్ని అంతస్తులకు ఇచ్చారు. అనుమతి పేరాలో ఉన్న అంతస్తుల లెక్కను, మీరు కొనే ఫ్లాటు ఎన్నో అంతస్తులో ఉందో దానితో పోల్చుకోండి. చిన్న పనే, చాలామంది చేయరు. మీ వాటాకు ఎన్ని గజాల అవిభక్త స్థలం (ఫ్లాట్లవాళ్లందరికీ ఉమ్మడిగా ఉండే నేలలో భాగం) వస్తుందో కూడా ఇక్కడో, చివర ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్‌లోనో రాస్తారు. రెండుచోట్లా ఉంటే రెండూ ఒకటేనా చూడండి.

నేను ఎక్కువసేపు ఆగి చదివేది దీని తర్వాతి రకం పేరా దగ్గర. మీ డ్రాఫ్టులో అది ఉందో లేదో తెలియదు గానీ, పాత ఫ్లాటు కాబట్టి ఉండే అవకాశం ఎక్కువ. 'అండ్ వేరాజ్ ద సెడ్ ఫలానా డైడ్ ఇంటెస్టేట్, లీవింగ్ బిహైండ్ హిజ్ వైఫ్ అండ్ టూ సన్స్ యాజ్ హిజ్ ఓన్లీ లీగల్ హెయిర్స్'. అంటే ఫలానా ఆయన వీలునామా రాయకుండా కాలం చేశారు, ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు మాత్రమే వారసులు, అని. చదవడానికి అమాయకంగా ఉంటుంది. అందులో 'ఓన్లీ' అన్న మాట కింద గీత గీయండి. ఆ ఒక్క మాటను ఆధారం చేసుకునే మిగతా పేజీలన్నీ నడుస్తాయి. ఆయనకు కూతుళ్లు లేరా? పెళ్లి చేసి పంపేశాం, కట్నం ఇచ్చేశాం, వాళ్లకేం సంబంధం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి సొంత ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది, పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూడా పెళ్లికాని కూతుళ్లకు హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టాన్ని సవరించుకుంది. 2005 సవరణతో పెళ్లయినవాళ్లకూ ఆ హక్కు దేశమంతటా వచ్చింది. చనిపోయినాయన తల్లి అప్పటికి బతికి ఉంటే ఆవిడా వారసురాలే. వేరాజ్‌లో ఆడవాళ్ల పేర్లు రాకపోవడం అనేది ఎవరూ అబద్ధం చెప్పాలనుకోకపోయినా, అలవాటుగా జరిగిపోయే విషయం. తర్వాత పదేళ్లకు ఒక కూతురు కోర్టుకెక్కితే నోటీసు వచ్చేది మీకే. కాబట్టి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడగండి. పేర్లన్నీ పేరాలోని పేర్లతో కలిపి చూడండి. సర్టిఫికెట్‌లో ఎవరి పేరైనా అదనంగా కనబడితే, వాళ్లు కూడా ఈ కాగితం మీద సంతకం పెట్టాలి, లేదా తమ వాటా వదులుకుంటూ రిజిస్టర్ చేయించిన రిలీజ్ డీడ్ ఉండాలి.

చివర్లో బ్యాంకు అప్పు గురించి ఒక వేరాజ్ ఉండొచ్చు, ఫ్లాటు మీద తీసుకున్న లోను పూర్తిగా తీర్చేశామని. తీర్చినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం, తిరిగిచ్చిన ఒరిజినల్స్, రెండూ కంటితో చూడండి. ఒరిజినల్ పత్రాలు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టర్ కాకపోతే ఈసీలో కనబడకపోవచ్చు. జిరాక్సులు చూపించి 'ఒరిజినల్స్ ఊళ్లో ఉన్నాయండీ' అంటే, ఊరికి వెళ్లి తెచ్చాకే మాట్లాడదామనండి. మొహమాటం పడొద్దు. ఆ తర్వాత డబ్బు అవసరమై అమ్ముతున్నామని, మీరు కొంటామన్నారని ఒక పేరా ఉంటుంది. అందులో పెద్దగా చూసేదేమీ లేదు, మొత్తం ధర అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా అని తప్ప.

ఇప్పుడు అసలు చిక్కు. వేరాజ్‌లో రాసినది 'జరిగింది' అని చెప్పడమే గానీ, 'నేను హామీ ఇస్తున్నాను' అని చెప్పడం కాదు. దానివల్ల ఏమవుతుందంటే, 'లోను తీర్చేశారు' అని పైన రాసి, కింద షరతుల్లో ఆ ఊసే లేకపోతే, రేపు బకాయి బయటపడినప్పుడు మీరు నిలదీయడానికి గట్టి వాక్యం ఉండదు. పైన రాసిన మాట పూర్తిగా వృథా అని కాదు. రాసినాయన తన మాటను తానే కాదనడం అంత తేలిక కాదు. కానీ పై భాగానికీ కింది భాగానికీ పొంతన కుదరనప్పుడు కోర్టులు ఒక పాత సూత్రం వైపు చూస్తాయి. 1886లో ఇంగ్లండులో లార్డ్ ఎషర్ ఒక కేసులో చెప్పింది అది. రిసైటల్స్ స్పష్టంగా ఉండి షరతులు గందరగోళంగా ఉంటే, రిసైటల్స్‌ను బట్టి అర్థం చేసుకోవాలి. రిసైటల్స్ గందరగోళంగా ఉండి షరతులు స్పష్టంగా ఉంటే షరతులదే మాట. రెండూ స్పష్టంగా ఉండి ఒకదానికొకటి విరుద్ధంగా ఉంటే, అప్పుడు కూడా షరతులదే పైచేయి. కాబట్టి వేరాజ్‌లో మీకు ముఖ్యమనిపించిన ప్రతి సంగతినీ, ముఖ్యంగా అప్పు, వారసులు, పన్ను బకాయిలు, కోర్టు కేసులు లేకపోవడం, ఇవన్నీ కింది భాగంలో హామీగా మళ్లీ రాయించుకోండి. ఆ హామీ తప్పని తేలితే నష్టం అమ్మేవాళ్లే భరించాలని కూడా రాయించండి. పైన రాసిన రిసైటల్స్ ఈ ఒప్పందంలో భాగమేనని ఒక క్లాజు పెట్టడం కూడా మామూలే. అది లేకపోతే అడగండి, ఎవరూ కాదనరు.

నేను చెప్పింది చదువుకునే పద్ధతి వరకు. ఇంత డబ్బు పెడుతున్నప్పుడు, అడ్వాన్సు ఇవ్వకముందే, డ్రాఫ్టూ లింకు డాక్యుమెంట్లూ (ఫ్లాటు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) కలిపి ఆస్తి కేసులు చూసే లాయరుకు ఇవ్వండి. ఆ ఫీజు దగ్గర ఆదా చూడొద్దు. పెన్సిల్ గీతలు పెట్టుకుని వెళితే ఆయన పని కూడా సులువవుతుంది.

పనిలో పనిగా, ఉద్యోగాలు చేసే పాఠకులకు ఒక మాట. ఆఫీసు నుంచి వచ్చే షోకాజ్ నోటీసు కూడా ఇదే అచ్చులో ఉంటుంది. 'వేరాజ్ ఇట్ హ్యాజ్ కమ్ టు నోటీస్', అంటే మీరు ఫలానా రోజు చెప్పకుండా సెలవు పెట్టినట్టు మా దృష్టికి వచ్చినందున, అని మొదలై, ఇంకో రెండు మూడు 'అండ్ వేరాజ్'ల తర్వాత 'నౌ దేర్‌ఫోర్' దగ్గర, ఇన్ని రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని ముగుస్తుంది. చాలామంది చివరి పేరా చదివి టెన్షన్ పడిపోయి, 'క్షమించండి, ఇకముందు జరగదు' అని రాసిచ్చేస్తారు. ఆరోపణలన్నీ ఒప్పుకున్నట్టే లెక్క. ప్రతి వేరాజ్‌కూ విడివిడిగా జవాబు రాయాలి. ఇది నిజం, ఇది నిజం కాదు, దీనికి నా దగ్గర ఈ కాగితం ఉంది అని.

ఇక మీ మెయిల్స్ సంగతి. మొదటి అర్థంలో, అంటే తేడా చూపించడానికి, వేరాజ్ మంచి మాట. 'ద గోదావరి రైజెస్ నియర్ త్రయంబకేశ్వర్, వేరాజ్ ద కృష్ణా రైజెస్ నియర్ మహాబలేశ్వర్.' రెండూ నదులే, రెండూ మహారాష్ట్రలో పుట్టినవే, పుట్టిన చోటు వేరు. పక్కపక్కన పెట్టదగ్గ రెండింటిని తీసుకుని తేడా చూపించాం కాబట్టి మాట చక్కగా అతికింది. 'వైల్' కూడా వాడొచ్చు గానీ దానికి 'ఆ సమయంలో' అనే అర్థం కూడా ఉంది. 'మై సిస్టర్ స్టడీడ్ వైల్ ఐ వర్క్‌డ్' అంటే, నేను పనిచేస్తున్నంతసేపు చెల్లి చదువుకుందా, లేక తను చదువు దారి పట్టింది, నేనేమో ఉద్యోగం దారి పట్టానా? తెలియదు. అక్కడ వేరాజ్ పెడితే రెండోదేనని తేలిపోతుంది.

'బట్' పెట్టాల్సిన చోట వేరాజ్ పెట్టడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. మనం రోజూ మాట్లాడే ఆఫీసు తెలుగులో కూడా 'వేరాజ్ మన టీమ్ అయితే' అంటూ దొర్లుతూ ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఫరవాలేదు, రాసేటప్పుడు తేడా కొడుతుంది. ఆయన డబ్బున్నవాడే గానీ పిసినారి, అన్నది ఒకే మనిషి గురించి. పోల్చడానికి ఇద్దరు లేరు. అక్కడ 'బట్' గానీ 'ఆల్దో' గానీ రావాలి. అనుమానం వస్తే రెండు ముక్కలనూ అటూ ఇటూ మార్చి చూడండి. కృష్ణ గురించి ముందు చెప్పి గోదావరిని తర్వాత చెప్పినా అర్థం చెక్కుచెదరదు, కాబట్టి వేరాజ్ సరిపోయింది. 'వాన పడుతున్నా బడికి వెళ్లాడు' అన్నదాన్ని తిప్పితే 'బడికి వెళ్లినా వాన పడుతోంది' అవుతుంది. అర్థం చెడింది, కాబట్టి అది 'ఆల్దో' పని.

తెలుగు వార్తల్లో పేరా మొదట్లో వచ్చే 'కాగా' ఇంకో ఉచ్చు. 'కాగా, ఈ ఘటనపై పోలీసులు కేసు నమోదు చేశారు' అన్నదాన్ని ఇంగ్లీషు చేస్తూ వేరాజ్ పెట్టేస్తుంటారు. అక్కడ తేడా ఏమీ లేదు, 'ఇదిలా ఉండగా' అన్నంతే. 'మీన్‌వైల్' చాలు, అసలు ఏమీ పెట్టకపోయినా నష్టం లేదు.

మిగిలినవి చిన్నవి. తేడా చూపించేటప్పుడు దాని ముందు కామా పెట్టండి. ఒకే మాటగా రాయండి, 'వేర్' వేరుగా 'యాజ్' వేరుగా రాయొద్దు. పక్కన 'బట్' చేర్చొద్దు. వాక్యాన్ని దానితో మొదలుపెట్టొచ్చు, కానీ రెండో సగం కూడా అదే వాక్యంలో ఉండాలి. ఒక వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టేసి, తర్వాత 'వేరాజ్ మై బ్రదర్ లివ్స్ ఇన్ నెల్లూరు.' అని ఒంటరిగా వదిలేస్తే పరీక్షల్లో మార్కు పోతుంది. ఈ సంగతి మీ అబ్బాయికి చెప్పండి.

మీ స్కూలు మెయిల్లో ఇలా రాయొచ్చు. తొమ్మిదో తరగతి ఫీజు 10వ తేదీలోగా కట్టాలి, వేరాజ్ పదో తరగతి ఫీజుకు 15 వరకు గడువుంది. రెండు తరగతులు, రెండు తేదీలు, ఎవరికీ అనుమానం రాదు. 'మేము రెండుసార్లు తెలియజేశాం, వేరాజ్ మీరు స్పందించలేదు' అని మాత్రం రాయొద్దు. గ్రామర్ లెక్కన అందులో తప్పు పట్టలేం. కానీ మేము మంచివాళ్లం, మీరే తేడా అని వేలు చూపించినట్టు ఉంటుంది. సాయంత్రానికల్లా ఆ తండ్రి స్కూలుకు వచ్చి ప్రిన్సిపాల్ గది ముందు నిలబడతాడు. దాన్ని రెండు వాక్యాలు చేయండి. ఫలానా తేదీల్లో మీకు రెండు మెయిల్స్ పంపాం. మీ జవాబు ఇంకా మాకు అందలేదు, వీలు చూసుకుని ఈ శుక్రవారంలోగా తెలియజేయగలరు.